బూటు కరిచిందని చెప్పలేక

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలెవరైనా పలకరించడానికి వస్తే నేను ముందు వాళ్ళ కాళ్ళ వంక చూస్తాను. బూట్లు బాగా కుదిరాయా, ఎక్కడైనా కరుస్తున్నాయా అని అడుగుతాను. వాళ్ళు నవ్వేసి మాట మారుస్తారు. ముసలాయనకి చాదస్తం అనుకుంటారు కాబోలు. అనుకోనివ్వండి. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక్క పెద్ద తప్పు కాళ్ళ దగ్గరే మొదలైంది. శిక్ష మాత్రం వేరే మనిషికి పడింది. ఇన్నాళ్ళకి ఆ సంగతి రాస్తున్నాను. ఇందులో నన్ను నేను వెనకేసుకొచ్చినట్టు ఎక్కడైనా కనిపిస్తే ఆ చోట నన్ను నమ్మకండి.

నా పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. గుంటూరు బైపాసు పక్కన ఎండుమిర్చి ఎగుమతి చేసే కంపెనీలో నేను గ్రేడర్ని. కంపెనీ పేరు అనవసరం. మా వైపు మిర్చి బస్తాని టిక్కీ అంటారు. రైతు తెచ్చిన టిక్కీ విప్పించి, మధ్యలోంచి గుప్పెడు కాయలు లాగి, రంగు చూసి, తాలు చూసి, తేమ చూసి, ఇది పనికొస్తుంది ఇది పనికిరాదు అని తేల్చడం నా ఉద్యోగం. అన్నిటికన్నా తేమ ముఖ్యం. తడి మిగిలిన కాయ నెల రోజులు ఓడలో కూర్చుంటే దిగేసరికి బూజు పట్టి ఉంటుంది. తేమ చూసే మీటర్లు తర్వాత వచ్చాయి కానీ మా కాలంలో చెయ్యే మీటరు. కాయల్ని గుప్పెట్లో బిగించి వదిలితే ఎండినవి గలగలమని విచ్చుకుంటాయి. తడి ఉన్నవి ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే అరచేతిని పట్టుకుని ఉండిపోతాయి. ఈ రెంటికీ మధ్య ఇంకా ఎన్నో మెట్లున్నాయి. అవి పుస్తకాల్లో ఉండవు.

నాకు ఆ మెట్లన్నీ తెలిసేవి. గొప్ప కోసం చెప్పడం లేదు, నా చర్మం తీరే అంత. తొడిమ దగ్గర కాస్త చల్లదనం మిగిలినా నా వేళ్ళు పసిగట్టేవి. "ఆయన చెయ్యి పెట్టాక ఇంక మీటరు దేనికిరా, దండగ" అని ముఠా కూలీలు అనుకునేవాళ్ళు. నేను విననట్టు నటిస్తూ లోపల పొంగిపోయేవాణ్ణి. మీటర్లు వచ్చాక కూడా మా దగ్గర ఒక పద్ధతి నిలిచిపోయింది. ముందు పెద్ద గ్రేడరు చెయ్యి పెట్టి తేమ ఎంత శాతమో చెప్తాడు. తర్వాత మీటరు పెడతారు. రెండూ కలిస్తే రిజిస్టర్లో రాస్తారు. కలవకపోతే ఇంకో మూడు టిక్కీలు విప్పించి మళ్ళీ మొదట్నించీ చూడాలి. కాగితం మీద అంతవరకే. నిజానికి నా చేతికీ మీటరుకీ ఒకటో అరో తేడా వస్తే మీటర్నే అనుమానించేవాళ్ళు. నేనూ దాన్నే అనుమానించేవాణ్ణి.

ఇంత గొప్ప చెయ్యినిచ్చిన ఒళ్ళే నాకు ఇంకో బహుమతి కూడా ఇచ్చింది. చొక్కా మెడ వెనక కుట్టే చిన్న గుడ్డముక్క ఉంటుంది చూడండి, అది నన్ను రోజంతా బతకనివ్వదు. కొత్త చొక్కా కొంటే ముందు బ్లేడుతో దాన్ని తీసేయాల్సిందే. చిన్నప్పుడు కొత్త బట్టలు తొడిగితే ఏడ్చి గోల చేసి విప్పేసేవాణ్ణట. "వీడిది ఒళ్ళు కాదు తల్లీ, పచ్చి పుండు" అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. అన్నిటికీ మించి కాళ్ళు. వదులు రబ్బరు చెప్పులు తప్ప నా పాదం దేన్నీ ఒప్పుకోదు. సాక్సు కొసన, వేళ్ళ మీదికి వచ్చే చోట ఒక కుట్టు ఉంటుంది. మీకు అది ఉందని కూడా తెలిసుండదు. నాకు అది తప్ప ఇంకేమీ తెలియదు. నొప్పా అంటే కాదు. పుండు పడదు, కందదు, వాపు రాదు. చెవి పక్కన ఎవరో ఆపకుండా మాట్లాడుతుంటే మీరు లెక్క చేసుకోగలరా? అలాంటిది నాకు కాలి దగ్గర జరుగుతుంది.

ముప్పై ఏళ్ళు ఈ సంగతి ఎవరికీ చెప్పే అవసరం రాలేదు. గ్రేడింగు గదిలో కాయలు నేల మీదే పోస్తారు. కాయ ఉన్నచోట చెప్పు కాలు పెట్టకూడదని మావాళ్ళ పట్టింపు. గుమాస్తా దగ్గర్నించి యజమాని దాకా గుమ్మం దగ్గర చెప్పులు విప్పాల్సిందే. నా ఉద్యోగమంతా వట్టి కాళ్ళతో గడిచిపోయింది. నా అంత అదృష్టవంతుడు లేడని అప్పుడు తెలియలేదు.

తర్వాత కంపెనీ చేతులు మారింది. కొత్త మేనేజరు వచ్చాడు, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు. చెడ్డవాడేమీ కాదు, అది ముందే చెప్పాలి. బయటి దేశాల వాళ్ళు సరుకు కొనాలంటే గది ఆసుపత్రిలా ఉండాలన్నాడు, అదీ నిజమే. నేల మీద కాయలు పోయడం ఆగిపోయింది, స్టీలు బల్లలు వచ్చాయి. నన్ను పిలిచి, "మీరింక గ్రేడరు కాదండీ, క్వాలిటీ మేనేజరు" అన్నాడు. తలుపు మీద పేరు రాయించాడు. ఆ వారమే ఒక సర్క్యులరు వచ్చింది. మేనేజరు హోదా ఉన్నవాళ్ళంతా నల్ల తోలు బూట్లు, సాక్సులు వేసుకురావాలి. పైవాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు మరీ తప్పనిసరి. ఆ కాగితం కింద అందరితో పాటు నేనూ సంతకం పెట్టాను.

అక్కణ్ణించి బూట్ల వేట మొదలైంది. కొత్తపేటలో కొన్న మొదటి జత మూడు రోజులు వేసుకుని మంచం కింద తోసేశాను. "వాడుతుంటే లొంగుతాయి సార్, తోలు కదా" అన్నాడు కొట్టు ఆయన. మళ్ళీ తీసి రెండు వారాలు వాడాను, లొంగింది నేనే. అరండల్‌పేటలో ఒక నంబరు ఎక్కువ కొంటే మడమ లోపల జారుతూ ఉండేది, ఆ రాపిడి ఇంకో నరకం. బెజవాడ వెళ్ళి ఖరీదైనవి కొన్నాను. వాటి నాలుక అంచున గట్టి పట్టీ ఒకటి ఉంది, నడిచినప్పుడల్లా చీలమండ ముందు గీరేది. దాన్ని కత్తెరతో కోసేశాను. కోసిన అంచు ఇంకా ఎక్కువ గీరింది. సాక్సులు తిరగేసి తొడుక్కున్నాను. కుట్టు బయటికి పోతుంది కాబట్టి ఇది కొంత నయం. మీలో ఎవరికైనా ఈ బాధ ఉంటే ఆ ఒక్క చిట్కా వాడుకోండి. బూట్లు సాయంత్రం పూట కొనండి, పాదం అప్పటికి ఉబ్బి ఉంటుంది. కొట్లో కూర్చుని కాదు, లేచి పది నిమిషాలు నడిచి చూడండి. కొట్టువాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి, ఆ బూట్లతో బతకాల్సింది వాడు కాదు కదా.

ఆరు జతలు అయ్యేసరికి మా ఆవిడ మంచం కిందికి వంగి చూసి, "ఏవండీ, మన పెళ్ళికి మీవాళ్ళు నాకు పెట్టిన చీరలు నాలుగు. మీ కాళ్ళకి ఆరు జతల బూట్లా?" అంది. నవ్వులాటకే అంది. కొబ్బరినూనె రాసి ఎండలో పెట్టి, పాత గుడ్డలు కుక్కి, తనకి తోచిందంతా చేసింది. చివరికి డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన పాదం అటూ ఇటూ తిప్పి చూసి షుగరు లేదు, నరాలు బాగున్నాయి, మనసులో పెట్టుకోకండి అన్నాడు. మనసులో పెట్టుకోకుండా బూట్లో పెట్టాలంటే ఎలాగో చెప్పలేదు.

నా బాధ అర్థం చేసుకున్నవాడు ఒక్కడే, మా సొంతూరు సత్తెనపల్లిలో చెప్పులు కుట్టే ముసలాయన. నా పాదం తన ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో అక్కడక్కడ నొక్కుతూ, "ఇక్కడా? కాదు. ఇక్కడ. ఆఁ, మూడో వేలు పైన. అది ఊరుకోదు కదూ?" అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యాభై ఏడేళ్ళ మగవాణ్ణి, బజార్లో, చెప్పులు కుట్టేచోట. మేకతోలుతో, లోపల కుట్టు తగలకుండా, నల్లగా, ఆఫీసుకి సరిపోయేట్టు కుడతానన్నాడు. నెల పడుతుందన్నాడు. తనిఖీకి అప్పటికి ఇరవై రోజులే ఉంది. "అయితే ఆ ఒక్కరోజు ఓర్చుకోండి" అన్నాడు. మామూలు రోజుల్లో బల్ల కింద బూట్లు విప్పేసుకునేవాణ్ణి. ఒక్కరోజే కదా అని నేనూ అనుకున్నాను.

ఇప్పుడు ఆ శిక్ష పడిన అమ్మాయి గురించి చెప్పాలి. మీటరు దగ్గర పనిచేసేది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది, దర్శి పక్కన పల్లెటూరు. వాళ్ళ నాన్న మిర్చి, పొగాకు వేసే రైతు. వాళ్ళింట్లో మొదటి ఉద్యోగం ఆమెదే. చేరిన కొత్తలో నేను తేమ చెప్తే ఆమె మీటరు చూసి, "సార్, మీరు పది పాయింట్ ఐదు అన్నారు, ఇది కూడా అదే చూపిస్తోంది, ఎట్లా సార్?" అని చిన్నపిల్లలా ఆశ్చర్యపోయేది. పక్కన కూర్చోబెట్టి చెయ్యి పెట్టడం నేర్పాను. ఏడాది తిరిగేసరికి బాగానే పట్టుకుంది. రిజిస్టరు ఆమె చేతిలో ముత్యాల్లా ఉండేది. ఎప్పుడూ ఒక్క అంకె దిద్దిన గుర్తు లేదు. తేమ అంకె వేసేది ఆమె, చివర సంతకం చేసేది నేను.

తనిఖీ రోజు ఉదయం ఎనిమిదింటికి ఆరో జత వేసుకున్నాను. తొమ్మిదింటికి నల్ల కారు వచ్చింది. ముగ్గురు వచ్చారు. వాళ్ళ వెనక మా మేనేజరు, ఆయన వెనక నేను. గోదాము, కోల్డ్ స్టోరేజీ, కూలీల మరుగుదొడ్లు, అన్నీ తిరిగారు. ఎక్కడా కూర్చోవడం లేదు. పదకొండు దాటేసరికి నాకు కాలి మూడో వేలు తప్ప లోకంలో ఇంకేమీ లేదు. ఆ ముగ్గురూ ఏం అడిగారో, నేనేం చెప్పానో ఇప్పటికీ గుర్తులేదు. ఒంటికాలి మీద బరువు వేసి, ఆ కాలు మార్చి, మళ్ళీ ఈ కాలు మార్చి నిలబడ్డాను. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది, దాంతో అదొక బాధ.

పన్నెండింటికి ఎగుమతికి సిద్ధంగా ఉన్న ఒక లాటు చూపించాలి. తేజ రకం, మంచి రంగు. వాళ్ళ ముందు నేను టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి బిగించి వదిలాను. అరచేతిలో ఏమీ తెలియలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నా చెయ్యి నాకు ఏమీ చెప్పలేదు. కాయలు విచ్చుకున్నాయా, ముడుచుకున్నాయా అని నేను కళ్ళతో చూడాల్సి వచ్చింది, చూసినా అర్థం కాలేదు. అందరూ నా నోటి వంక చూస్తున్నారు. "పదకొండు" అన్నాను. పదకొండు అంటే భేషుగ్గా పంపించొచ్చు.

వాళ్ళు తలూపి పక్క లాటు వైపు నడిచారు. మేనేజరు వాళ్ళ వెంట వెళ్ళాడు. ఆ అమ్మాయి మీటరు పెట్టింది. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "సార్, పద్నాలుగు చూపిస్తోంది" అంది.

పద్నాలుగు అంటే ఆ లాటు కదలకూడదు. ఇంకో మూడు టిక్కీలు విప్పించాలి, మొదట్నించీ చూడాలి, అరగంట పని. ఆ అరగంట నేను నిలబడే ఉండాలి.

"నేను చెప్పాను కదమ్మా. పదకొండు వెయ్యి" అన్నాను.

"మళ్ళీ చూద్దామా సార్?"

"వెయ్యమ్మా."

ఆమె నా మొహం వంక చూసింది. తర్వాత రాసింది. నేను సంతకం పెట్టి, టాయిలెట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని, బూట్లు సాక్సులు విప్పేసి చల్లటి గచ్చు మీద పాదాలు ఆనించి నిలబడ్డాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తనిఖీ బాగా జరిగిందన్నారు. పది రోజుల తర్వాత సత్తెనపల్లి నుంచి మేకతోలు బూట్లు వచ్చాయి. తొడుక్కుంటే కాలికి ఏమీ లేనట్టే ఉంది. ఇంట్లో అటూ ఇటూ నడుస్తుంటే మా ఆవిడ దణ్ణం పెట్టింది, నాకు కాదు, ఆ బూట్లకి.

రెండు నెలలకి ఆ లాటు మొత్తం బూజు పట్టిందని అవతలి రేవు నుంచి కబురు వచ్చింది. మా దగ్గర ప్రతి లాటులోంచీ కొంచెం సీసాలో దాచి ఉంచుతాం. ఆ సీసా తీసి చూస్తే పద్నాలుగు పైనే ఉంది. రిజిస్టర్లో పదకొండు. విచారణ పెట్టారు.

మేనేజరు గదిలో ఆయన, పైనుంచి వచ్చిన ఒకాయన, నేను, ఆ అమ్మాయి. నేను మెత్తటి బూట్లు వేసుకుని కూర్చున్నాను. వాళ్ళ లెక్క చాలా సులువుగా సాగింది. మనిషి చెయ్యి పొరబడొచ్చు, మిషను పొరబడదు, కాబట్టి మీటరు చూసి తప్పుడు అంకె వేసిన మనిషిదే తప్పు. ఆ అమ్మాయి, "సార్ చెప్పిన అంకె వేశానండీ" అంది. ఇంక ఒక్క ముక్క కూడా అనలేదు. మేనేజరు నా వైపు తిరిగాడు. "మీరేమన్నా చెప్పారాండీ, పదకొండు వెయ్యమని?"

అవును అందామని నోరు తెరిచాను. ఆ వెంటనే వచ్చే ప్రశ్న కనిపించింది. ముప్పై ఏళ్ళ చెయ్యి, మీటరు పద్నాలుగు చూపిస్తుంటే మళ్ళీ చూడకుండా ఎందుకు తొందరపడ్డారు? దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. సాక్సు కుట్టు. ఈ మాట ఈ గదిలోంచి బయటికి వెళ్తుంది, ముఠావాళ్ళకి తెలుస్తుంది, మిర్చి యార్డంతా పాకుతుంది. "ఒరేయ్, పెద్దాయనకి బూటు కరిచిందంటరా, అందుకని కంటైనరు ముంచేశాడంట" అని నవ్వే నవ్వు నాకు ముందే వినిపించింది. గుండె జబ్బు వచ్చి కళ్ళు తిరిగాయి అని చెప్పగలిగే అవకాశం ఉంటే నిజం ఒప్పుకునేవాణ్ణేమో. కారణం అంత చిన్నది కావడం వల్లే చెప్పలేకపోయాను.

"అంకెలు ఆమె చూసుకుంటుందండీ" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా వచ్చింది. నాకు ఒక మెమో ఇచ్చారు. ఆమెని తీసేశారు. రికార్డు మార్చినందుకు అని కాగితం మీద రాసి మరీ తీసేశారు. ఆ కాగితం ఉన్నంతకాలం ఆమెని ఇంకే ల్యాబులోనూ గడప తొక్కనివ్వరు.

వారం తర్వాత ఉదయం ఆఫీసు గేటు దగ్గర ఒక రైతు నా కోసం నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. ఆ అమ్మాయి తండ్రినని చెప్పాడు. నన్ను గుర్తుపట్టారా అని ఆయన అడగలేదు, నేనే గుర్తుపట్టి ఉండాలని అనుకున్నాడు.

"పదిహేనేళ్ళ కిందట నా కాయ యార్డులో అందరూ తడి ఉందని ధరలో కోతేస్తుంటే కొనడానికొచ్చిన మీరొక్కరే చెయ్యి పెట్టి, బాగా ఎండిన కాయ, కోత వెయ్యొద్దన్నారయ్యా. మా ఊళ్ళో మీ చెయ్యంటే ఇప్పటికీ చెప్పుకుంటాం" అన్నాడు. తర్వాత తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. "మా పిల్ల ఇంటికొచ్చి, మీరు చెప్తేనే రాశానంటోంది. నేను నమ్మలా. అయినా పిల్ల కదా. ఒక్కసారి మీ నోటితో విందామని వచ్చా."

మా యార్డులో రైతుకి తేమ అంకె కన్నా పెద్ద శత్రువు లేదు. తప్పుడు అంకె వల్ల జీవితమంతా నష్టపోయిన మనుషులు వాళ్ళు. తన కూతురే తప్పుడు అంకె వేసిందని తీసేస్తే ఆయనకి ఎంత తలవంపో నాకు తెలుసు. ఆయన అడిగింది ఒక్క మాట. చుట్టూ ఎవరూ లేరు, వాచ్‌మన్ కూడా దూరంగా ఉన్నాడు. అక్కడ చెప్పి ఉంటే యార్డుకి తెలిసేది కాదు, ఉద్యోగం పోయేది కాదు. ఆయన ఇంటికి వెళ్ళి కూతురితో భోంచేసేవాడు.

"రిజిస్టర్లో ఉన్నది ఆ అమ్మాయి చేతిరాతేనండీ" అన్నాను.

ఆయన రెండు చేతులూ జోడించాడు. "మీ మీద నింద వేసింది, చిన్నపిల్ల, మనసులో పెట్టుకోకండయ్యా" అని నాకే క్షమాపణ చెప్పి వెళ్ళిపోయాడు. నేను లోపలికి వెళ్ళి టిక్కీలు విప్పించాను. ఆ రోజు నా చెయ్యి మామూలుగానే పనిచేసింది.

తర్వాత మూడేళ్ళకి రిటైరయ్యాను. శాలువా కప్పారు. టీ తాగుతున్నప్పుడు, "ఇంక బూట్ల బాధ వదిలింది, హాయిగా చెప్పులేసుకుంటాను" అని నేను అన్న మాట పట్టుకుని, బూట్లతో ఇబ్బందేమిటండీ అని మేనేజరు అడిగాడు. పైపైన రెండు ముక్కలు చెప్పాను. "అయ్యో, ఒక్క మాట చెప్తే సరిపోయేది కదండీ. నల్ల శాండిల్స్ వేసుకోమనేవాణ్ణి. మీ కాళ్ళు చూడ్డానికి ఎవరొస్తారు?" అన్నాడు. ఆయనకి అది చాలా చిన్న సంగతి. నిజంగానే చిన్నది. నేను గ్లాసు కింద పెట్టేసి బాత్రూంలోకి వెళ్ళాను.

మరి ఇన్నేళ్ళ తర్వాత నన్ను కదిలించింది ఎవరంటే, తాడేపల్లిలో ఉండే మా మనవరాలు. అప్పటికి ఒకటో తరగతి. బడికి వెళ్ళేముందు సాక్సులు తొడిగితే రోజూ ఏడుపే. మా అమ్మాయి కొట్టింది కూడా. కిందటేడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నేనూ వెళ్ళాను. ఆవిడ పిల్లని, "ఏమ్మా, ఏమవుతోంది?" అని అడిగింది. "కుట్టు గుచ్చుతోంది" అంది పిల్ల. ఆవిడ నవ్వలేదు. కొందరి ఒంటికి తాకిడి మామూలు కన్నా ఎక్కువగా తెలుస్తుందనీ, అది మొండితనం కాదనీ, కుట్టు లేని మెత్తటి సాక్సులు దొరుకుతాయనీ మా అమ్మాయికి వివరించి చెప్పింది. మొత్తం ఐదు నిమిషాలు పట్టింది. ఆరేళ్ళ పిల్ల రెండు మాటల్లో చెప్పేసింది, వాళ్ళు నమ్మేశారు. 

రెండో రోజు దర్శి బస్సు ఎక్కాను. ఆమె బస్టాండు ఎదురుగా జిరాక్స్ కొట్టులో పనిచేస్తోందని కనుక్కున్నాను. మనిషి చిక్కిపోయింది, జుట్టులో అక్కడక్కడ తెలుపు. నన్ను చూసి లేచి నిలబడి స్టూలు జరిపింది. "కూర్చోండి సార్" అంది. నేను కూర్చోలేదు. నాన్నగారు ఎలా ఉన్నారని అడిగాను. పోయి రెండేళ్ళయిందని చెప్పింది. "నాతో మాట్లాడేవాడు గానీ ఆ ఉద్యోగం మాట మాత్రం ఎప్పుడూ ఎత్తేవాడు కాదు సార్" అంది. తప్పు కూతురిదేనని ఆయన చివరిదాకా నమ్మాడన్నమాట. నా గురించి గొప్పగా చెప్పుకునేవాడని కూడా చెప్పింది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండును.

నేను చేతులు కట్టుకుని నిలబడి చెప్పాను. ఆ రోజు పద్నాలుగు అని నువ్వు చెప్పావమ్మా, పదకొండు వెయ్యమన్నది నేను, విచారణలో దాటేశాను, మీ నాన్నగారి దగ్గరా దాటేశాను. కంపెనీకి రాసిస్తాను, సంతకం పెట్టి ఇస్తాను, నీ పేరు మీద ఉన్న మచ్చ తీసేయమంటాను.

"ఇప్పుడెందుకు సార్" అంది. "మా నాన్న ఉన్నప్పుడైతే ఆయనకి చూపించుకునేదాన్ని."

"ఎందుకు వెయ్యమన్నానో నీకు తెలీదు. ఆ రోజు బూట్లు..."

"తెలుసు సార్. పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నా. ఒక కాలి మీద నిలబడుతున్నారు, మళ్ళీ ఇంకో కాలి మీద. మీ మొహం చూస్తే భయమేసింది. మళ్ళీ మూడు టిక్కీలు విప్పాలంటే ఇంకో అరగంట మిమ్మల్ని నిలబెట్టాలి. పాపం, వెళ్ళి కూర్చుంటారులే అని రాసేశాను."

ఎవరో ఆధార్ కార్డు అందించి రెండు కాపీలు అడిగారు. ఆమె మిషను మూత ఎత్తి కార్డు పెట్టింది. కాపీలు వచ్చేదాకా నేను ఆగాను. తర్వాత, అంతా చూసిన దానివి, విచారణలో నా కాళ్ళ సంగతి ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

ఆమె కాగితాలు సర్ది అవతలి మనిషికి ఇచ్చి, నా వైపు తిరిగింది.

"మీరు చెప్తారనుకున్నాను సార్."